ఆరు వందల మిల్లీమీటర్ల పెళ్లి

పెదమడుగు మునిసిపాలిటీ కెమెరాకు ఆరు వందల మిల్లీమీటర్ల లెన్సు ఎలా వచ్చిందో తెలియాలంటే, ముందు చైర్మన్ గారి మొహం మిరియపు గింజంత ఎందుకయిందో తెలియాలి.

ఆ మధ్య ఆఫీసు ఆవరణలో జెండా వందనం జరిగింది. ఫొటోగ్రాఫర్ సింహాచలం జనం వెనకాల నిలబడి, ఉన్న లెన్సుతో ఫొటో తీశాడు. అది యాభై మిల్లీమీటర్ల లెన్సు. ఏది ఎంత ఉంటే అంతే చూపించే రకం. మర్నాడు పేపర్లో జెండా కర్ర దివ్యంగా పడింది, కర్ర మొదట్లో ముగ్గు పడింది, ముగ్గు పక్కన కునుకు తీస్తున్న కుక్క కూడా లక్షణంగా పడింది. చైర్మన్ యర్రంశెట్టి ప్రభాకరం గారు మాత్రం మిరియపు గింజంత పడ్డారు. భూతద్దం తెప్పించి తన మొహం తాను వెతుక్కుని, "ఎంత ఆశ పెట్టుకున్నానయ్యా ఈ లెన్సు మీద!" అన్నారాయన.

చైర్మన్‌కు జలుబు చేస్తే కమిషనర్‌కు తుమ్ములొస్తాయి. కమిషనర్ మృత్యుంజయరావు గారు సాయంత్రానికల్లా పాత లెన్సును వేలం వేయించి, కొత్త లెన్సు కొనమని కమిటీ వేశారు. పెదమడుగులో ఏం కొన్నా కమిటీకి అధ్యక్షుడు నీటి సరఫరా ఏఈ గోవిందరాజులు గారే. మునిసిపాలిటీ కొనే సామానులో ముప్పాతిక మువ్వీసం గొట్టాలే కనక, మిగిలిన వీసం కూడా ఆయనకే అప్పగించడం అక్కడి ఆనవాయితీ. చీపుళ్లు కొన్నా ఆయన ముందు అడ్డకొలత అడుగుతారు.

గోవిందరాజులు గారు లెన్సుల కొటేషన్లు బల్లమీద పరిచారు. ముప్పై అయిదు మిల్లీమీటర్లు, యాభై, ఎనభై అయిదు, ఆరు వందలు.

"యాభై అంటే సందులోకేసే గొట్టం సార్. ప్రెషర్ ఎక్కడొస్తుందీ? అందుకే మొహం సన్నగా పడింది," అని ఆయన కమిషనర్‌కు వివరించారు. "చైర్మన్ గారంటే మెయిన్ లైను. ఆరొందలకి తగ్గితే ఊరు ఊరుకోదు."

కమిషనర్ సంతకం పెట్టారు. లెన్సు వచ్చింది. అరటి బోదెంత ఉంది. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, మీటింగు హాల్లో చైర్మన్ గారిని కుర్చీలో కూర్చోబెట్టి మొదటి ఫొటో తీశారు. ఫొటోలో ఒక ముక్కుపుటం పడింది. ఎడమదో కుడిదో చెప్పడానికి లేదు గానీ, అందులో వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. చైర్మన్ గారు రెండోసారి నిరాశ పడ్డారు.

దూరాన ఉన్న పిట్టలను తీసే లెన్సండీ ఇది, అని సింహాచలం గొణిగాడు. ఆ మాట రాసుకుంటే, కొన్నవాళ్లు తప్పు కొన్నట్టవుతుంది. ఆడిట్ వాళ్లు ఊరుకోరు. అందుచేత కమిటీ మళ్లీ సమావేశమై, "లెన్సు యందు ఎట్టి లోపమూ లేదు. ఫొటో తీయించుకొను ప్రజలు అవసరమునకు మించి దగ్గరగా ఉన్నట్లు కమిటీ గమనించినది" అని తేల్చింది. ఇంక ప్రజలను దూరం జరపడమే మిగిలింది. మూడంతస్తుల మునిసిపల్ ఆఫీసు డాబా మీద పచ్చరంగు పాదముద్రలు వేయించారు. ఫొటో కావలసినవాళ్లు వాటిమీద నిలబడాలి. సింహాచలం బజారు రోడ్డుకు అవతలున్న వాటర్ ట్యాంకు ఎక్కి కూర్చోవాలి. డాబా మీద ఆకుపచ్చ జెండా ఊపగానే మీట నొక్కాలి. జనన మరణాలు, పింఛన్లు, పెళ్లిళ్లు, దేనికైనా ఆఫీసు లెన్సుతో తీసిన ఫొటోయే చెల్లుతుందని ఒక సర్క్యులర్ వచ్చింది. గుమాస్తాలు పేర్లు తప్పు రాస్తున్నారని గొడవలుండేవి కనక, అదే సర్క్యులర్ చివర ఇంకో వాక్యం చేర్చారు: "రాతకూ ఫొటోకూ భేదము వచ్చిన యెడల ఫొటోయే ప్రమాణము."

ఈ సంగతులేవీ గుత్తుల సోమేశ్వరానికి తెలియవు. అతను పాత బస్టాండు దగ్గర కుట్టు మిషన్లు రిపేరు చేస్తాడు. నలభై తొమ్మిదేళ్లు వచ్చేదాకా పెళ్లి ఊసెత్తలేదు. ఎత్తినవి మిషన్లే. ఇనప మిషన్లు ఎత్తీ ఎత్తీ హెర్నియా తెచ్చుకున్నాడు. మూడు నెలల కిందట, జూనియర్ కాలేజీలో లాబ్ అటెండరుగా చేసే కుసుమకుమారి, వాళ్లమ్మ తాలూకు పాత మిషను బాగు చేయించడానికి వచ్చింది. మిషను బాగయ్యాక కూడా రెండుసార్లు వచ్చింది. ఆమెకూ నలభై దాటాయి. ఇద్దరూ కొండమీద గుళ్లో దండలు మార్చుకున్నారు. ఇప్పటికీ అతను ఆమెను "కుసుమగారూ" అనే పిలుస్తాడు. గారు తీసేస్తే ఆమె ఎక్కడ వెళ్లిపోతుందోనని లోపల ఒక మూల భయం.

డాక్టరు అతని పొట్ట నొక్కి చూసి, "బరువులెత్తకు, మెట్లెక్కకు, గట్టిగా దగ్గకు. పేగు మెలిపడితే ప్రాణం మీదకొస్తుంది. తొందరగా ఆపరేషన్ చేయించుకో," అన్నాడు.

"నవ్వొచ్చాండీ?" అని అడిగాడు సోమేశ్వరం. కొత్తగా పెళ్లయినవాడు మరి.

"మెల్లిగా," అన్నాడు డాక్టరు.

కుసుమకు ఉద్యోగం తాలూకు హెల్త్ కార్డుంది. అందులో భర్త పేరు ఎక్కితే ఆపరేషన్ ఉచితం. పేరు ఎక్కాలంటే మునిసిపాలిటీ వారి పెళ్లి సర్టిఫికెట్ కావాలి. పుస్తెలతాడు చూపిస్తే చెల్లదు.

అలా ఇద్దరూ ఒక పొద్దున మునిసిపల్ ఆఫీసుకు వెళ్లారు. కుసుమ పెళ్లినాటి పట్టుచీర కట్టుకుంది. మెట్లు చూడగానే సోమేశ్వరానికి పొత్తికడుపులో కలుక్కుమంది.

"ఇక్కడే నా ఫోన్లో తీసుకోవచ్చు కదండీ," అని బతిమాలాడు.

పెళ్లిళ్ల రిజిస్ట్రారు హోదా కూడా కమిషనర్ గారిదే. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "మీ ఫోన్ లెన్సు ఎన్ని మిల్లీమీటర్లు?"

"తెలీదండి."

"కొలత తెలియని లెన్సుతో వివాహమును ధ్రువీకరించమంటారా? రేపు ఎవరైనా అడిగితే నేనేం సమాధానం చెప్పాలి?"

కుసుమ భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. డాబా మీద పాదముద్రలు కనిపించాయి, ఎడమవైపు వధువుకు, కుడివైపు వరుడికి. వరుడి పాదముద్రలకు సరిగ్గా ఎదురుగా, పిట్టగోడకు అవతలనుంచి పెద్ద చెక్క ఒకటి పైకి లేచి ఉంది. దాని వెనకవైపు మేకులూ వెదురు కర్రలూ తప్ప మరేం కనబడటం లేదు.

"ఇదేటండీ, ఎదురుగా?" అన్నాడు సోమేశ్వరం.

"చైర్మన్ గారి కటౌట్. జన్మదిన వారోత్సవాలు జరుగుతున్నాయి," అన్నారు కమిషనర్.

"మాకు అడ్డం రాదాండీ?"

కమిషనర్ గారి మొహం ఎర్రబడింది. "చైర్మన్ గారు ప్రజలకు అడ్డమొస్తారా? ఏం మాటలవి? పాదముద్రల మీద నిలబడండి. అవి కౌన్సిల్ తీర్మానం ప్రకారం వేసినవి, అంగుళం కూడా కదలడానికి వీల్లేదు."

జెండా ఊపారు. దూరాన ట్యాంకు మీద సింహాచలం చీమలా కదిలాడు. అయిపోయిందన్నారు.

నాలుగురోజుల తరువాత సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఫొటో అద్భుతంగా ఉంది. కుసుమ చీర అంచులో జరీ పోగులతో సహా పడింది, సిగ్గుపడుతున్నట్టు నవ్వుతోంది. ఆమె పక్కనే, భుజానికి భుజం ఆనించి, మెడలో గులాబీ దండతో, చేతులు జోడించి, చైర్మన్ యర్రంశెట్టి ప్రభాకరం గారు నిలబడి ఉన్నారు. తల కొంచెం పెద్దది, అంతే. సోమేశ్వరం చొక్కా గుండీ అయినా లేదు. రాతను ఫొటోతో పోల్చి చూసిన గుమాస్తా, నియమం ప్రకారం రాతను దిద్దేశాడు. వరుడు అన్నచోట గుత్తుల సోమేశ్వరం కొట్టివేసి, పైన యర్రంశెట్టి ప్రభాకరం అని రాసి ఉంది.

సోమేశ్వరం తన పేరు మీది గీతను గోటితో గీకి చూశాడు. పెళ్లయిన కొత్తలోనే తన భార్య పక్కన ఇంకొకడు దండేసుకుని నిలబడితే ఏ మగాడికైనా ఎలా ఉంటుందో అతనికీ అలాగే ఉంది. పైగా ఆ నవ్వు తనకోసం నవ్వినది.

ముందు సింహాచలాన్ని నిలదీశాడు. "నీకు కనబడలేదా బాబూ, నేను లేనని?"

"కనబడిందండి. జెండా ఊపితే నొక్కమన్నారు గానీ ఎవరున్నారో చూడమన్లేదండి," అన్నాడు సింహాచలం. పాపం, అతనికీ ఉద్యోగం కావాలి.

కమిషనర్ గారు ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో మీరు లేరు."

"నేను ఆయనెనకాల ఉన్నానండి."

"ఉండవచ్చు. కానీ లెన్సు మిమ్మల్ని గుర్తించలేదు. అది ఆరు వందల మిల్లీమీటర్లు. మీ కన్ను ఎంత ఉంటుంది? పాతికా? కావాలంటే మళ్లీ తీయించుకోండి."

మళ్లీ ఎక్కారు. అప్పటికి వారోత్సవాలు మాసోత్సవాలయ్యాయి, కటౌట్‌కు లైట్లు కూడా పెట్టారు. సోమేశ్వరం ఈసారి తెలివిగా చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. ఫొటోలో చైర్మన్ గారికి మూడో చెయ్యి వచ్చింది. అది చూసి చైర్మన్ గారు ఏమాత్రం నిరాశ పడలేదు, ప్రజలను ఆశీర్వదిస్తున్నట్టుందని ఫ్రేము కట్టించుకున్నారు. మూడోసారి సోమేశ్వరం జెండా ఊపిన క్షణాన ఎగిరాడు. కిందకు దిగాక పాదముద్రల మీదే పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. ఆ ఫొటోలో చైర్మన్ గారి నెత్తిమీద కాస్త జుట్టు ఎక్కువగా పడింది.

కుసుమ అతన్ని ఆటోలో ఇంటికి తీసుకొచ్చి, మంచం మీద పడుకోబెట్టి, చెమట తుడిచింది. డాక్టరు వచ్చి, ఇంక వారం ఆగితే నాది పూచీ కాదన్నాడు. కుసుమ ఏడవలేదు. కాలేజీ లాబ్‌లో ఇరవై ఏళ్లుగా యాసిడ్ సీసాలు మోస్తున్న మనిషి.

"ఏవండీ, మీరు కదలకండి. నేను అత్తారింటికెళ్లొస్తాను," అంది.

"నాకెవరూ లేరు కదండీ కుసుమగారూ, అత్తారిల్లేటి?"

"సర్టిఫికెట్లో ఉంది కదా," అని సూట్‌కేసు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తరువాతి సంగతులు సోమేశ్వరం కుసుమ నోట విన్నవే. చైర్మన్ గారింటి గుమ్మంలో చైర్మన్ గారి భార్య సుందరమ్మ గారు వడియాలు తిరగేస్తున్నారు. కుసుమ వెళ్లి కాళ్లకు దండం పెట్టి, సూట్‌కేసు లోపల పెట్టి, "అక్కయ్యగారూ, నా గది ఎటేపండీ?" అని అడిగింది.

సుందరమ్మ గారు సర్టిఫికెట్ అందుకుని చదివారు. ఒకటికి రెండుసార్లు చదివారు.

"నేనొక్కదాన్నే కాదండి," అంది కుసుమ. "ఈ మాసోత్సవాల్లో పెళ్లి రాయించుకున్నవాళ్లం పదకొండుమందిమి. మిగతావాళ్లు చీరలు సర్దుకుంటన్నారు."

మామూలు ఇల్లాలైతే మూర్ఛపోయేది. సుందరమ్మ గారు ముప్పై ఏళ్లుగా రాజకీయాల్లో ఉన్నాయన భార్య. "మంచిదేనమ్మా. ఆయన గురక ఒక్కదాన్నే భరిస్తన్నాను ఇన్నాళ్లూ. పన్నెండుమందిమీ వంతులేసుకుందాం. కూర్చో, కాఫీ తాగుదువుగాని," అన్నారు. తరువాత లోపలికి తిరిగి, "ఏవండోయ్!" అని ఒక్క కేక పెట్టారు. బజారు రోడ్డు దాకా వినబడిందంటారు.

చైర్మన్ గారు సగం గడ్డం గీసుకుని బయటికొచ్చారు. కుసుమ తలమీద కొంగు కప్పుకుని పక్కకు తప్పుకుంది. చైర్మన్ గారు సర్టిఫికెట్ చూసి, భార్య మొహం చూసి, "ఒట్టు, నాకేం తెలీదే. నేను కటౌట్‌ని!" అన్నారు.

కమిషనర్‌ను పిలిపించారు. గోవిందరాజులు గారిని పిలిపించారు. వడియాల పక్కనే అత్యవసర సమావేశం జరిగింది. ఫొటో తప్పని ఒప్పుకుంటే లెన్సు తప్పవుతుంది, లెన్సు తప్పంటే కొన్న కమిటీ తప్పవుతుంది. కటౌట్ తీసేస్తే ఇన్నాళ్లూ అడ్డమున్నట్టవుతుంది. పాదముద్రలు జరిపితే కౌన్సిల్ తీర్మానం తప్పవుతుంది. ఎటు చూసినా ఒప్పులే ఉన్నాయి. చివరకు కమిషనర్ గారు తప్పు ఎక్కడుందో పట్టుకున్నారు.

"సదరు వరుడు గౌరవ ప్రజాప్రతినిధి వెనుక నిలబడి, తనను తాను మరుగుపరచుకొన్నాడు. అయినను మానవతా దృక్పథముతో, ఫొటోను మార్చకుండా, వరుడు అనుచోట 'ఫొటోలో చైర్మన్ గారి వెనుకనున్న వ్యక్తి, గుత్తుల సోమేశ్వరం' అని చేర్చుటకు అనుమతించడమైనది."

ఇకమీదట ఇలాంటివి జరగకుండా పన్నెండు వందల మిల్లీమీటర్ల లెన్సు కొనాలని గోవిందరాజులు గారు సూచించారు. మనిషి వెనక మనిషిని కూడా తీయడానికి ఆ ప్రెషర్ చాలుతుందట.

కుసుమ సూట్‌కేసుతోపాటు దిద్దిన సర్టిఫికెట్ పట్టుకొచ్చింది. సోమేశ్వరం పడుకునే నవ్వాడు, మెల్లిగా. మర్నాడే ఇద్దరూ హెల్త్ కార్డు చెల్లే పెద్దాసుపత్రికి వెళ్లారు. కార్డులో పేరెక్కించేదీ అక్కడే. కౌంటర్లో ఉన్నాయన సర్టిఫికెట్ తీసుకుని, సోమేశ్వరాన్ని చూసి, ఫొటో చూసి, మళ్లీ సోమేశ్వరాన్ని చూశాడు.

"మీరు చైర్మన్ గారి వెనకున్న వ్యక్తి అంటన్నారు. మరి చైర్మన్ గారేరీ?"

"ఆయనెందుకండీ? ఆపరేషన్ నాకు."

"ఫొటోతో సరిపోల్చుకోమని మాకు రూలండి. ఫొటోలో ఎలా ఉన్నారో అలా రండి. మీరొక్కరూ వస్తే మీరెవరో నాకెలా తెలుస్తుంది?"

కుసుమ ఫోన్ తీసి సుందరమ్మ గారికి చేసింది. ఏం మాట్లాడుకున్నారో గానీ, గంట తిరక్కుండా చైర్మన్ గారి కారు ఆసుపత్రి ముందాగింది. ముందు సుందరమ్మ గారు దిగారు, చేతిలో గులాబీ దండ ఉంది.

"నేను రానంటే రాను. నా హోదా ఏం కావాలి?" అని కారులోంచి వినబడింది.

"ఓట్ల కోసం గుమ్మం గుమ్మం తిరిగి దండాలు పెట్టేరు కదా. ఒక్క కౌంటరు ముందు పెడితే అరిగిపోతారా? దిగండి."

చైర్మన్ గారు దిగారు. దండ వేసుకున్నారు. చేతులు జోడించి కౌంటరు ముందు, కుసుమ పక్కన నిలబడ్డారు. ఆయన వెనక సోమేశ్వరం పొట్ట పట్టుకుని వంగి నిలబడ్డాడు. కౌంటర్లో ఉన్నాయన ఒక కన్ను మూసి చూశాడు.

"ఫొటోలో తల ఇంకాస్త పెద్దదుంది," అన్నాడు. "కొంచెం ముందుకు రండి సార్. ఇంకొంచెం. నవ్వండి. ఆఁ, సరిపోయింది. వెనకాయన అసలు కనబడటం లేదు, కరెక్టు." స్టాంపు కొట్టాడు.

అడ్మిషన్‌కు ఒకసారి, రక్తపరీక్షకు ఒకసారి, ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో ఒకసారి, చైర్మన్ గారు అలాగే నిలబడ్డారు. బయట వరండాలో అప్పటికే జనం చేరారు. మిగిలిన పదిమంది పెళ్లికొడుకులూ, పింఛను ముసలివాళ్లూ, మాసోత్సవాల్లో ఫొటో దిగిన వాళ్లందరూ. ఒకరికి బ్యాంకులో పనుంది, ఒకరికి రేషను షాపులో. అందరి ఫొటోల్లోనూ ముందు ఆయనే ఉన్నారు. సుందరమ్మ గారు వాళ్లను వరసగా కూర్చోబెట్టి, ఎవరికి ఏ పూట పంపాలో చెబుతున్నారు. ఎన్నికలు కాని రోజుల్లో చైర్మన్ గారు చేతులు జోడించి ఊళ్లో తిరగడం పెదమడుగు అంతకు ముందెన్నడూ చూడలేదు.

సోమేశ్వరానికి మత్తుమందు ఇచ్చారు. పేగు మెలిపడే సమయానికి సరిగ్గా చేశామన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు. థియేటర్ బయట బల్లమీద కూర్చున్న కుసుమ అప్పుడు ఏడ్చింది, చూసేవాళ్లున్నారని కూడా లేకుండా.

సోమేశ్వరం కళ్లు తెరిచేసరికి పొద్దు వాలుతోంది. ఎదురుగా ఏదో పెద్ద ఆకారం, దానికి రెండు భుజాలు. ఇంకా డాబా మీదే ఉన్నానేమో అనుకున్నాడు. తరువాత ఆ ఆకారం దగ్గింది. చైర్మన్ గారే, మంచానికి వీపు పెట్టి, వార్డు సిస్టరుకు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. మంచం మార్చాలన్నా సరిపోల్చుకోవాలట. ఆయన వీపు మీద చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆ వీపుకు అవతల ఎక్కడో గాజుల చప్పుడు వినబడుతోంది. అది కుసుమదని సోమేశ్వరానికి తెలుసు.

అంతపెద్ద మనిషితో ఆ మాట అనొచ్చో అనకూడదో అతను ఆలోచించలేదు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు, కడుపులో కుట్లు సలుపుతున్నాయి, పొద్దుటినుంచి భార్య మొహం చూడలేదు.

"ఏవండీ," అన్నాడు నీరసంగా. "కొంచెం పక్కకి జరగండి. మా ఆవిడ కనబడటం లేదు."

సిస్టరు చేతిలో కలం ఆగిపోయింది. చైర్మన్ గారు వెనక్కి తిరిగి, మంచం మీదున్న మనిషిని మొదటిసారి చూశారు. ఏదో అనబోయారు. అని ఏం లాభం అనుకున్నారో, అలసిపోయారో.

జరిగారు.